నక్షత్రాల కెమెరా, మీసాల మామ బర్రె

ఇల్లే ఆఫీసైన ఆ లాక్‌డౌన్ రోజుల్ల, నా అంత తెలివిగల ఇంజనీరు లింగాల ఘనపూర్ మండలంల ఇంకొకరు లేరని నాకు గట్టి నమ్మకం. (నేను తెలివిగలదాన్నని కూడా ఇంకెవ్వరికీ తెలవదు, అది వేరే సంగతి.) ఉద్యోగంల చేరి ఏడాది కాలేదు. కొండ మీది టెలిస్కోపుకు పరారుణ కెమెరా తయారుచేసుడు మా పని. కంటికి కనబడని, ఎరుపుకు అవతలి వెలుగును పట్టే కెమెరా అన్నట్టు. దాన్ని మంచుకన్న ఎంతో చల్లగ ఉంచాలె, లేకుంటే దాని సొంత వేడికే బొమ్మంత తెల్లబడుతది. ల్యాబు మూతపడ్డదని పరీక్షించే కెమెరాను ఇంటికే తెచ్చుకున్న. సోమవారంలోపట అది పనిచేస్తదని చూపియ్యకుంటే మా డిజైన్ పక్కకు పోతది, ఇంకో జట్టుది ముందటికొస్తది.

చల్లబరిచే ద్రవ నత్రజని ఊర్ల ఎక్కడ దొరుకుతది? పశువుల దవాఖానల! బర్లకు చూలు సూదులేసేటందుకు దున్నపోతుల వీర్యాన్ని అండ్లనే దాస్తరు. బాపును వెంటబెట్టుకొని పోయి బతిమిలాడితే కాంపౌండరు క్యాను నింపిచ్చి, "ఎన్ని బర్లున్నయమ్మా?" అని అడిగిండు.

"బర్లకు కాదన్నా, నక్షత్రాలకు" అన్న. ఆయన బాపు దిక్కు జాలిగ చూసిండు.

ఖాళీగున్న మా పశువుల కొట్టానికి చుట్టూ గోనెసంచులు కట్టి, పట్టపగలే చీకటి చేసి, కెమెరాను గోడకు గురిపెట్టి, తీగ గుంజుకొని అరుగు మీద ల్యాప్‌టాప్ ముందట కూసున్న. చీకటి, చల్లటి గోడ కాబట్టి బొమ్మ నల్లగ రావాలె. మొదటి రెండు అట్లనే వచ్చినయి. లోపటికి పోయి రెండు ముద్దలు తిని వచ్చి మూడోది తీస్తే, నడుమ తెల్లటి మచ్చ. నాలుగోదాంట్ల మచ్చ ఇంకా పెద్దగయింది. మా సార్‌కు ఫోన్ చేసి, "సెన్సర్ పోయింది సార్" అని ఏడ్చేసిన.

"కంగారు పడకమ్మా, ముందు ఆ బొమ్మలు పంపించు" అన్నడాయన.

పంపుతుండంగనే బాపు చాయ్ గ్లాసుతోని వచ్చి తెర మీదికి వంగిండు. "గిది బర్రె గదా బిడ్డా?"

"బర్రె కాదు బాపూ, ఎలక్ట్రానిక్స్‌ల లోపం."

"లోపానికి కొమ్ములుంటయా? ఎడమ కొమ్ము వంకర సూడు. గిది మీ మామ బర్రెనే."

ఇద్దరం కొట్టంలకు ఉరికినం. గోనెసంచి జరిపి చూస్తే, మీసాల మామ (మా అమ్మ తమ్ముడు) బర్రె గుంజకు కట్టేసి ఉన్నది, తీరుబాటుగ నెమరేస్తున్నది. మా బండి మీద దవాఖాన క్యాను చూసి, నేను బర్లకు సూదులేసే పనికి దిగిననుకున్నడట మామ. నేను తినబోయినప్పుడు తోలుకొచ్చి కట్టేసిండు.

"సూది ఎప్పుడేస్తవు కోడలా?" అన్నడు వెనకనుంచి వచ్చి.

అంత చీకట్ల వట్టి ఒంటి వేడితోనే బర్రె బొమ్మ పడ్డదంటే, నా కెమెరా బంగారం లెక్క పనిచేస్తున్నట్టే గదా! బర్రె మెడ పట్టుకొని ఎగిరిన. అది పరేషానై నన్ను ఒక్క నూకు నూకింది. పేడల కూలబడ్డ నా చేతిల ఫోన్ మోగింది.

"ఏమ్మా, పోయిన సెన్సర్‌కి చెవులు కూడా ఇంత బాగా కనిపిస్తున్నాయేంటి?" సార్ నవ్వు ఆపుకోలేకపోతున్నడు.

సోమవారం మీటింగుల మొదటి బొమ్మ బర్రెదే. మా డిజైనే ఖాయమైంది.

మామ ఆ బొమ్మను జనగామల పటం కట్టించి, తన పెండ్లి ఫోటో పక్కన పెట్టుకున్నడు. ఇన్నేండ్లకు మొన్న పోయినప్పుడు దాని ముందట చానాసేపు నిలబడ్డ. "ఎంత ముద్దుగున్నదో గదా కోడలా" అన్నడు. "అవును మామా" అన్న. నేను చూస్తున్నది మాత్రం ఎడమ మూలకు, సెన్సర్‌ల పనిచెయ్యని రెండు పిక్సెళ్ల చుక్కలను. ఆ రోజు బర్రె మెడ పట్టుకొని ఎగిరిన నాకు అవి కనబడనే లేదు.