కాళ్లున్న అక్షరాలతో పెళ్లిపత్రిక

అక్షరానికీ వంశమర్యాద ఉంటుందని మనసారా నమ్మిన రోజులవి. మద్రాసును చెన్నై అనడం ఇంకా నోటికి అలవడలేదు. రాయపురంలోని ఒక ముద్రణాలయంలో నాకు ప్రూఫులు దిద్దే ఉద్యోగం. అక్కడి సీసపు అచ్చులలో పాతకాలపు ఇంగ్లీషు అక్షరశైలి ఒకటి నన్ను వశపరచుకొన్నది. గీతల కొసలలో చిన్న చిన్న పాదాలు, కలం రాతను తలపించే ఏటవాలు ఒంపు, సన్నానికీ లావుకూ నడుమ తొందర లేని నడక. పుటలకొద్దీ చదివినా కన్ను అలసేది కాదు. అంతటి అక్షరాన్ని మా యజమాని మరణవార్తల కార్డులకు మాత్రమే కేటాయించాడు. పెళ్లిళ్లకేమో కంప్యూటరు నుంచి పూలతీగెల అక్షరాలు దిగాయి. (మహాపండితుణ్ణి శ్మశానానికి కాపలా పెట్టినట్లు నేను కుమిలిపోయేవాణ్ణి.)

ఇంతలో తొండియార్‌పేటలో నాకు పెళ్లి కుదిరింది. పండితునికి విముక్తి ప్రసాదించే సమయం వచ్చిందనుకొని, ఇంగ్లీషు పత్రికను ఆ అక్షరాలలోనే కూర్చి, నమూనా కార్డొకటి వధువు ఇంటికి టపాలో పంపాను. నమూనాయే గనుక అంచులకు పసుపు పూయలేదు. పంపిన క్షణం నుంచి కాలు నిలువలేదు. ప్రూఫులో ఒకే పంక్తిని పదే పదే చదివాను. చివరకు మర్నాడు మధ్యాహ్నం సెలవడిగి, సైకిలెక్కి వెళ్లాను.

గడప బయట నా కార్డు ముక్కలై ఉన్నది. అశుభవార్త ఇంట అడుగుపెట్టరాదని చించి పారవేశారట. ఇంట్లో ఉన్నవారంతా తలస్నానాలు చేసి తడి జుట్టుతో కూర్చున్నారు. ఇంగ్లీషు చదవగలిగిన మామగారూ వధువూ ఉద్యోగాలకు వెళ్లారు. వధువు అవ్వ తిన్నె మీద నుంచి దిగి నా చెయ్యి పట్టుకొన్నది.

“ఎవురు నాయనా పొయ్యింది?”

ఎవరూ పోలేదనీ, అది మా పెళ్లిపత్రికేననీ చెప్పాను. తడి తలలన్నీ నా వైపు తిరిగాయి. తత్తరపాటులో ఆ అక్షరం జన్మవృత్తాంతమూ, గ్రంథాలలో దాని గౌరవమూ సుదీర్ఘంగా వినిపించాను. అవ్వ ఓపికగా విన్నది.

“నాకు ఇంగిలీసు రాదప్పా. ఆ అచ్చరం మాత్రం తెలుసు. ఈడ పొయినోళ్లందరి కార్డులూ దాంట్లోనే వచ్చినాయి. మా ఆయనది గూడా.”

నేను వంగి కార్డు ముక్కలు ఏరసాగాను. ఆమె ఆ ముక్కల వైపు చూసింది.

“గొప్ప అచ్చరమే, కాదన్లా. నేను పొయినప్పుడు దాంట్లోనే కొట్టించు. పెండ్లికి మాత్రం పూలుండేది తీసకరా. లేకుంటే పిల్ల లేదు, పో.”

ఆ సాయంత్రమే పూలతీగెల పత్రిక కూర్పించాను. అది ఇప్పటికీ మా ఇంట ఉన్నది. అందులో నా పేరు ఏ తీగెతో మొదలై ఏ మొగ్గతో ముగుస్తుందో నాకే అంతుపట్టదు. అయినా అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఆ తీగెల నడుమ ఎక్కడో ఒక పండితమ్మన్యుడు, తాను ఓడిపోయినందుకు సిగ్గుపడుతూనే, పిల్ల దక్కినందుకు లోలోపల మురిసిపోతూ నిలబడి ఉంటాడు. వాణ్ణి చూస్తే నాకిప్పుడు జాలి వేయదు, ముచ్చటేస్తుంది.