ఉప్పు జాడీలో గాజులు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. బెల్లంపల్లిలో బొగ్గు బావి పక్కనే పెరిగాను. లోపల పైకప్పు కూలి చనిపోయినవాళ్ళు కనిపిస్తారని వాడలో చెప్పుకుంటుంటే నవ్వొచ్చేది. డ్యూటీ దిగి, తాగి ఇంటికొచ్చే బాపును చూసినదానికి ఇంక దయ్యాలొక లెక్కా?

షిఫ్టు సైరన్ కూయగానే అమ్మ చేతి గాజులు తీసి ఉప్పు జాడీలో దాచేది. బాపు చేతులు మెలిపెడితే అవి పగిలి గుచ్చుకునేవి. మొగుడు బావిలోంచి పైకి రాకముందు ఆడది గాజులు తీయడం మా వాళ్ళలో మహా అపచారం. అందుకే చాటుగా తీసేది. నేనొక్కదాన్నే చూశాను, ఎవరికీ చెప్పలేదు. ఎడమ మణికట్టు ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది కాబట్టి, ఆ చేతివి ముందు మెల్లగా తీసుకునేది.

అమ్మ పోయాక, డెబ్బయ్యో దశకం మొదట్లో నాకు గోదావరిఖని సంబంధం చేశారు. ఆయనా బావి మనిషే, ఆయనదీ అదే చెయ్యి. నేను మాత్రం గాజులు తీయలేదు. అమ్మలా బతకకూడదని నా పంతం. పంతమైతే పట్టాను గానీ వెళ్ళిపోయే ధైర్యం రాలేదు.

బిడ్డకు మూడేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం క్వార్టర్ ముందు కూర్చుని బియ్యం ఏరుతున్నాను. సైరన్ కూసింది. ఆడుకుంటున్న పిల్ల లేచి లోపలికి పోయింది. ఎంతకీ చప్పుడు లేదేమిటా అని వెళ్ళి చూస్తే, ఉప్పు జాడీ ముందు కూర్చుని తన బుల్లి గాజులు అందులో వేస్తోంది. ఎడమ చేతివి అప్పటికే అయిపోయాయి.

ఎవరు నేర్పారని అడిగాను.

"అమ్మమ్మ. బాపు అస్తుండట, జల్ది తియ్యమన్నది. నువ్వు గూడ తియ్యి అమ్మా."

అమ్మను పిల్ల ఎరగదు. ఇంట్లో ఫోటో కూడా లేదు. నేనే ఎప్పుడైనా పరధ్యానంలో తీశానేమో అని తర్వాత చాలా ఆలోచించాను. లేదు. నా గాజులు పగిలాయే తప్ప నేను తీసింది లేదు.

దెబ్బలకు సిద్ధం కావడం మూడేళ్ళకే దానికి వచ్చేసింది. పిల్లను చంకనేసుకుని, ఆయన ఇల్లు చేరేలోపే కట్టుబట్టలతో బస్సెక్కాను. కొత్తగూడెంలో అక్క దగ్గరికి వెళ్ళిపోయాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"అమ్మకు నీ మీద పాణం గుంజిందే, అందుకే అచ్చింది" అని అక్క కళ్ళు తుడుచుకుంది.

ఏమో. పిల్లకు ఎలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతు చిక్కలేదు. నిజంగా అమ్మే వచ్చి ఉంటే మాత్రం నాకు కోపమే. అంత దూరం వచ్చి పసిదానికి దాచుకోవడం నేర్పింది గానీ, వెళ్ళిపొమ్మని ఒక్క మాట చెప్పలేదు.