పొగ బాబాయ్ గాలి దుప్పటి

పొగ బాబాయ్ ఎదురుగా మీరు కోడిని మాడ్చేయవచ్చు, ఉప్పు వేయడం మరిచిపోవచ్చు, పళ్ళెం మొత్తం నేలపాలు చేయవచ్చు. ఆయన కిక్కురుమనడు. పొగ ఆగిపోతే మాత్రం ఊరుకోడు. పెరట్లో గ్రిల్లు పెట్టుకునేవాళ్ళందరూ కడుపు నింపుకోవడానికి పెట్టుకుంటారు. ఈయనకి తిండి మీద ధ్యాసే లేదు. మూత సందులోంచి సన్నటి నీలం పొగ మొదటి ముక్క ఎక్కించిన దగ్గర్నుంచి చివరి ముక్క దించేదాకా తెగకుండా రావాలి. ఆయన కోరిక అదొక్కటే.

అందుకు ఆయన దగ్గరొక సాధనం ఉంది. మూరెడు స్టీలు గొట్టం, ఒళ్ళంతా చిల్లులు. అందులో రంపపు పొట్టుని ఒత్తి చేసిన చెక్క గుళికలు పోసి, ఒక కొస వెలిగించి, మంట ఆర్పి, గ్రిల్లులో బొగ్గుల పక్కన ఓ మూల పెట్టాలి. గుళికలు లోలోపల రాజుకుంటూ పొగ వదులుతాయి, ఆ వాసన మాంసానికి పడుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేసి చూస్తే ఎవరి గొట్టమైనా కాసేపటికి చల్లారి ఊరుకుంటుంది. బాబాయ్ గొట్టం మాత్రం ఆరిపోగా చూసినవాళ్ళు లేరు. ఆయన అన్నకూతురు చిన్నప్పటి నుంచి చూస్తోంది. ఇప్పుడు ఆమెకి సొంత కళ్ళద్దాల దుకాణం ఉంది, ఊళ్ళో సగం మంది చూపు ఆమె చేతిలో ఉంది. అయినా ఆ గొట్టం ఎందుకు ఆరదో ఆమె కంటికి ఏనాడూ ఆనలేదు. నోరు తెరుచుకుని చూడటమే ఆమె వంతు.

బాబాయ్ ఉద్యోగం కూడళ్ళలో సిగ్నల్ లైట్లు బాగుచేయడం. జనాన్ని నిలబెట్టే అలవాటు అక్కడే అబ్బిందని పిన్ని అంటుంది. నిజంగానే ఆయన ఎక్కువగా వాడే మాట ఒకటే, “ఆగండి.” గొట్టం వెలిగించగానే ఎవరైనా మంట ఊదబోతే, “ఆగండి. పైపైన అంటుకుంది. లోపలికి దిగనివ్వండి.” కోడి ఎక్కిద్దామా అని ఎవరైనా అడిగితే, “ఆగండి. పొగ ఇంకా తెల్లగా ఉంది.” తెల్లటి పొగ గుప్పుమని వస్తే ఆయన దృష్టిలో అది పొగ కాదు, ఫిర్యాదు. సన్నగా, ఉందా లేదా అన్నట్టు నీలంగా వస్తేనే పొగ. అది వచ్చేసరికి పిల్లలు బ్రెడ్డు ముక్కలతో కడుపు నింపుకుని నిద్రపోయేవాళ్ళు, పెద్దవాళ్ళు ఆకలి సంగతే మరిచిపోయేవాళ్ళు. కానీ ఆ నీలం తీగ మూత సందులోంచి లేచిన క్షణాన పెరడంతా నిశ్శబ్దమైపోయేది. అప్పటిదాకా ఆయన్ని తిట్టుకున్నవాళ్ళు కూడా ఏదో గొప్ప పని తామే చేసినట్టు నిలబడి చూసేవాళ్ళు.

ఓసారి మేడ మీద గ్రిల్లు పెట్టుకుంటే వాన మొదలైంది. అందరూ పళ్ళేలు పట్టుకుని కిందికి పరుగెత్తారు. బాబాయ్ మాత్రం పిన్ని గొడుగు తెచ్చి గ్రిల్లుకి పట్టి, తాను తడుస్తూ నిలబడ్డాడు. వాన వెలిసింది, పొగ వెలియలేదు. ఆ గొడుక్కి పట్టిన వాసన ఇప్పటికీ వదల్లేదు. అది పట్టుకుని పిన్ని బస్సెక్కితే పక్క సీటువాళ్ళకి ఆకలి వేస్తుందట. ఒకాయన ఆకలికి తాళలేక మధ్యలోనే దిగిపోయాడని కూడా పిన్నే చెబుతుంది.

గుళికలు చెమ్మగిల్లితే రాజుకోవు. అందుకని బాబాయ్ వాటిని పిన్ని కేకులు చేసే ఓవెన్‌లో పెట్టి వెచ్చచేసి, బిస్కెట్ల డబ్బాలో మూతపెట్టి తెస్తాడు. ఆ ఓవెన్ జోలికి రావద్దని పిన్ని చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు.

సందు చివరి టైలరు ఒకరోజు బాబాయ్ వాళ్ళందరినీ తన ఇంటికి గ్రిల్లుకి పిలిచి, చెక్క ముక్కల్ని రాత్రంతా బకెట్లో నానబెట్టానని గర్వంగా చెప్పాడు. తడిగా ఉంటే పొగ ఎక్కువ వస్తుందని అతని లెక్క. బాబాయ్ మొహం పాలిపోయింది. కూర్చుని ఒక్కొక్క ముక్కనీ తువ్వాలుతో తుడిచాడు, స్నానం చేయించిన పసిపిల్లల్ని తుడిచినట్టు. తర్వాత వాటిని పక్కనపెట్టి తన డబ్బా తీశాడు. “వచ్చేది పొగ కాదు నాయనా, ఆవిరి. తడారేదాకా చెక్క రాజుకోదు,” అన్నాడు బాధగా.

ఆరోజు కూడా బాబాయ్ తన సంచిలోంచి పాత పువ్వుల దుప్పటి తీశాడు. దాన్ని ఆయన గాలి దుప్పటి అంటాడు. గొట్టం అంటుకునేదాకా గాలి తగలకుండా ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని అడ్డంగా నిలబడాలి. ఆ ఇద్దరూ ఎవరన్నది ఆయనే చెబుతాడు. టైలరుని ఒక కొస పట్టుకోమని, రెండో కొస పక్కింటి వ్యాను డ్రైవరు చేతికిచ్చాడు. వాళ్ళిద్దరికీ మెట్ల కింద స్థలం దగ్గర గొడవై మాటలు లేవని సందంతా తెలుసు. ఆ సంగతి తెలియనివాడు ఈ బాబాయ్ ఒక్కడేనని అన్నకూతురు తల పట్టుకుంది.

ఆమె ఇంట్లో అంతకంటే పెద్ద గొడవే నడుస్తోంది. ఆమె నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, కింది వాటాలో ఉంటాడు. భర్త పళ్ళ డాక్టరు. భార్యాభర్తలిద్దరూ పై వాటాలో. మామగారికి పన్ను నొప్పి వస్తే అల్లుడు ఒక పన్ను పీకాడు. నొప్పి పోలేదు. నొప్పి పెట్టేది పక్క పన్నైతే, దాని ఖాతాలో పడి మంచి పన్ను పోయిందని మాస్టారు తేల్చేశాడు. పీకిన పన్నుని చిన్న సీసాలో వేసి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించడం మొదలుపెట్టాడు. దాన్నైనా అల్లుడు భరించేవాడేమో. మామగారు ఎవరికీ చెప్పకుండా ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాడు. అది మాత్రం అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటలు బంద్. ఇద్దరి కబుర్లూ మోస్తూ ఆమె మెట్లు ఎక్కీ దిగీ అలిసిపోయింది. చివరికి భర్త వేరే వీధిలో ఇల్లు చూశాడు. సోమవారం పొద్దున వెళ్ళి ఖాయం చేసుకుంటానన్నాడు. మాస్టారు ఆ మాట విని, “వెళ్ళేవాళ్ళని ఆపడానికి మనమెవరం,” అని గోడతో అన్నాడు. ఆరోజు ఆయన అన్నం సగంలోనే వదిలేశాడు. ఆదివారం అందరం కలిసి భోంచేస్తే మనసు మారుతుందేమోనని ఆమె పెరట్లో గ్రిల్లు పెట్టి బాబాయ్‌కి కబురు చేసింది.

బాబాయ్ వచ్చాడు, డబ్బా తెరిచాడు, గుళికలు కుక్కకుండా వదులుగా పోశాడు, గొట్టాన్ని మెల్లగా తట్టాడు. దుప్పటి తీసి ఒక కొస అన్నకీ రెండో కొస అల్లుడికీ ఇచ్చాడు.

ఆమె పరుగున అడ్డం వచ్చింది. దుప్పటి తానే పట్టుకుంటానంది. “నువ్వు మొక్కజొన్న పొత్తులు చూసుకోమ్మా,” అన్నాడు బాబాయ్. మామ ఒక వైపుకీ అల్లుడు ఇంకో వైపుకీ మొహాలు తిప్పుకుని, తీగ మీద ఆరేసిన రెండు చొక్కాల్లా నిలబడ్డారు. బాబాయ్ వాళ్ళ మధ్య గొంతుకూర్చుని వెలిగించాడు. ఇక ఆయన “ఆగండి” అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన ఆ మాట అనలేదు. మంట పైపైన ఉండగానే, లోపలికి దిగకుండానే, ఉఫ్‌మని ఊదేశాడు. కాస్త తెల్లటి పొగ లేచింది. అంతే, గొట్టం చల్లారిపోయింది.

“ఆరిపోయింది,” అన్నాడు బాబాయ్ నేల చూస్తూ. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ అలాగే తొందరపడి ఊదాడు. మళ్ళీ ఆరిపోయింది.

మాస్టారు ఉండబట్టలేకపోయాడు. “వీడి గొట్టం ఆరిపోవడమేమిటి?” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి అందుబాటులో ఉన్న మనిషి అల్లుడొక్కడే.

అల్లుడు కూడా కళ్ళప్పగించి చూస్తున్నాడు. “అదే నాకూ అర్థం కావట్లేదు మావయ్యగారూ. వయసు మీద పడుతోందేమో.”

“వాడికా వయసు? వాడు నాకంటే చిన్నవాడు.”

“మరి మీ చెయ్యి వణుకుతోంది, దుప్పటి వదిలెయ్యండి. రెండు కొసలూ నేను పట్టుకుంటాను.”

“వణుకు లేదు, ఏమీ లేదు. వీడు ఇలా వెలిగిస్తూ కూర్చుంటే మనిద్దరం రేపటిదాకా ఇక్కడే బట్టలారేసే కర్రల్లా ఉండాలి.”

అల్లుడు నవ్వాడు. మామ కూడా నవ్వాడు, చాలారోజుల తర్వాత, నోరంతా తెరిచి. అల్లుడి నవ్వు అక్కడే ఆగిపోయింది. “నోరు మూయకండి. అలాగే ఉంచండి,” అంటూ దుప్పటి వదిలేసి, జేబులోంచి ఫోను తీసి లైటు వేసి మామగారి నోట్లోకి తొంగిచూశాడు. వెనకాల ఇంకో పన్ను చడీచప్పుడూ లేకుండా పాడవుతోంది. ఆ వేరే డాక్టరు దాన్ని చూడనే లేదు. మాస్టారు నోరు తెరుచుకునే జేబులోంచి సీసా తీసి అల్లుడి చేతిలో పెట్టాడు, ఇక అది నీ దగ్గరే ఉంచుకో అన్నట్టు.

“రేపు పొద్దున్నే క్లినిక్‌కి వచ్చెయ్యండి. ఆలస్యం చేస్తే పీకాల్సి వస్తుంది. ఇప్పుడైతే నిలబెట్టొచ్చు,” అన్నాడు అల్లుడు.

అన్నకూతురు పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడింది. “రేపు పొద్దున ఆ ఇంటాయన దగ్గరికి వెళ్ళాలన్నారుగా,” అంది మెల్లగా.

“రేపు మావయ్యగారి పన్ను ఉంది,” అన్నాడతను చిరాగ్గా, అంత చిన్న విషయం ఈమెకి తెలియదా అన్నట్టు.

అప్పుడు చూసిందామె బట్టలారేసే తీగ వైపు. దాని మీద భర్త తెల్లకోటు ఆరేసి ఉంది. దాని చేతులు తిన్నగా నేలవైపు వేలాడుతున్నాయి, ఇసుమంత కూడా కదలడం లేదు. పెరట్లో పొద్దుటినుంచీ గాలే లేదు. టైలరూ వ్యాను డ్రైవరూ గుర్తొచ్చారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకే వ్యానులో తిరుగుతుంటే తాను చూసి కూడా ఊరుకుంది. ఇన్నేళ్ళుగా ఆ దుప్పటి పట్టుకున్న జంటలన్నీ వరసగా కళ్ళముందు కదిలాయి. ఊరందరికీ అద్దాలు పెట్టే మనిషి, ఇంత దగ్గరగా ఉన్నది చూడలేకపోయింది. ఇద్దరు మనుషులు కలవాలంటే వాళ్ళు కలిసి విసుక్కోవడానికి మూడో మనిషి ఒకడు కావాలి. ఆ మూడోవాడుగా ఉండటానికి బాబాయ్ తన ప్రాణంలాంటి పొగని కూడా ఆర్పుకున్నాడు. ఆమె ఆయన్ని కొత్తగా చూసింది. ఆయన ఎంత పెద్దమనిషో ఆమెకి అంతుపట్టలేదు.

బాబాయ్ మూడోసారి వెలిగించి, ఈసారి తీరిగ్గా కూర్చున్నాడు. “ఆగండి,” అన్నాడు. లోపలి గుళికలు ఎర్రబడేదాకా ఆగి అప్పుడు ఊదాడు. మూత సందులోంచి సన్నటి నీలం తీగ లేచింది. చివరి పొత్తు దించేదాకా అది తెగలేదు.

ఆమె పక్కన చేరి, “గాలే లేదుగా బాబాయ్,” అంది గొంతు తగ్గించి.

“ఉంది. నీకు తగల్లేదంతే,” అన్నాడాయన. ఇక ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

కొన్నాళ్ళకి పిన్ని చెల్లెలి పుట్టినరోజు వచ్చింది. పిన్ని రోజంతా శ్రమపడి కేకు చేసింది. కోసి నోట్లో పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఇందులో కోడి ఉందా అని అడిగారు. అంతకుముందు రోజే ఆ ఓవెన్‌లో గుళికలు వెచ్చబడ్డాయి. పిన్ని బాబాయ్‌తో మాట్లాడటం మానేసింది. ఆయన రాత్రుళ్ళు బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంగగా కూర్చుంటున్నాడని కబురొచ్చింది.

ఆదివారం అన్నకూతురు ఇద్దరినీ పిలిచింది. గ్రిల్లు దగ్గర మామా అల్లుళ్ళిద్దరూ గొట్టం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వెలిగించే పని ఈరోజు మాదేనని మాస్టారు తమ్ముడితో చెప్పేశాడు. ఆమె బాబాయ్ సంచిలోంచి పువ్వుల దుప్పటి తీసి ఒక కొస పిన్ని చేతిలోనూ, రెండో కొస బాబాయ్ చేతిలోనూ పెట్టింది.

బాబాయ్ తీగ వైపు చూశాడు. తెల్లకోటు చేతులు కదలడం లేదు. అన్నకూతురి మొహం చూశాడు. అల్లుడు అప్పుడే మంట ఊదేసి, ఆరిపోయిందండీ అని మాస్టారికి చెబుతున్నాడు. ఊదడం కూడా రాని వీళ్ళ చేతికి గొట్టం ఎందుకిచ్చావని పిన్ని నోట్లోంచి మాట జారిపోయింది, అదీ బాబాయ్‌తోనే.

“ఏం చెయ్యమంటావు,” అన్నాడు బాబాయ్ దుప్పటి ఇంకాస్త పైకెత్తి పట్టుకుంటూ. “గాలి చూశావుగా, ఎలా వీస్తోందో.”