మా అమ్మ పటాలు దించిన రోజు

ఆ రోజుల్లో తుఫాను కబురు మాకు ఫోనులో వచ్చేది కాదు, మా ఇంటి గోడ మీద కనిపించేది. అండమాన్ దీవుల్లోని హోప్ టౌన్‌లో గట్టు మీద చెక్క గోడలు, రేకుల కప్పు ఉన్న ఇల్లు మాది. ఎదురుగా సముద్రపు పాయ, దానికి అవతల పోర్ట్ బ్లెయిర్. నాన్న రోజూ పడవ దాటి వెళ్లి అక్కడి హార్బరులో పనిచేసేవాడు. గాలివాన వస్తోందంటే ఓడలకి తెలిసేలా జెండాకొయ్య మీద సిగ్నల్ ఎగరేయడం ఆయన ఉద్యోగం. ఆయన చెయ్యి పడకపోతే ఒక్క ఓడా కదలదని మా ఇంట్లో గట్టి నమ్మకం (ఆఫీసులో అలాంటి నమ్మకమేదీ లేదని పెద్దయ్యాక తెలిసింది). అంత ఉద్యోగం చేస్తూ ఇంట్లో మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఆఫీసు మాట ఆఫీసులోనే ఉండాలనేవాడు. అయితేనేం, ఆయన చెప్పులు విడిచే తీరు చూసి అమ్మ సంగతి కనిపెట్టేసేది. వెంటనే స్టూలెక్కి పటాలు దించేది. తన పెళ్లి ఫోటో, తాతయ్య ఫోటో, అమ్మమ్మ పూసలతో కుట్టిచ్చిన చిలకల జంట, అన్నిటినీ మైనపు గుడ్డలో చుట్టి మూత గట్టిగా పట్టే డ్రమ్ములో పెట్టేది. మా గోడ ఖాళీ అయిందంటే కింద ఒడ్డున ఉన్న ఇళ్లవాళ్లంతా రేకుల మీదుగా తాళ్లు వేసి, వాటికి రాళ్లు కట్టి, ఇంట్లో పోగొట్టుకోలేనివన్నీ మూటగట్టి మా ఇంటికి తెచ్చేవాళ్లు. గట్టు మీదికి నీళ్లు ఎక్కవని వాళ్ల ధీమా.

నాకు పద్నాలుగో ఏడు వచ్చిన సంవత్సరం, తుఫానుల కాలం మొదలవుతుండగా, మామయ్య ఓడలో వస్తున్నాడని తెలిసింది. అమ్మకి అన్నయ్య. విశాఖలో బడిపంతులు. చెల్లెల్ని ఆ నీళ్ల మధ్యకి పంపడం ఆయనకి మొదటినుంచీ ఇష్టం లేదు. ఈసారి వస్తున్నది ఊరికే చూసిపోవడానికి కాదు, ఇక్కడి బతుకు నచ్చితే సరే, లేదంటే నాతో సహా అమ్మని వెంటబెట్టుకుపోవడానికేనని, విశాఖ వెళ్లొచ్చిన నాన్న ఆఫీసు మనిషొకాయన ముందే అమ్మ చెవిలో వేశాడు. అమ్మ ఆ మాట విని ఒక పూటంతా అన్నం సరిగ్గా తినలేదు. "నేనిక్కడ బాగున్నానని అన్నయ్య కళ్లారా సూడాల. సూసి ఎల్లి అమ్మకి సెప్పాల," అంది. నేను పైకి తలూపాను గానీ, లోపల నా ఆలోచన వేరు. విశాఖలో పెద్ద బళ్లు, బజార్లు, రోజుకో రకం రిబ్బన్లు ఉంటాయట. మామయ్య రమ్మంటే చాలు, ఒక్క గెంతులో ఓడెక్కేదాన్ని. అమ్మకి తెలియకుండా నా రెండు పరికిణీలు, జామెట్రీ బాక్సు ఒక చిన్న మూటగట్టి కుండల వెనక దాచుకున్నాను కూడా.

ఓడ వచ్చే రోజు పొద్దున్నే నాన్న, మామయ్యని సాయంత్రానికి తీసుకొస్తానని చెప్పి పడవెక్కాడు. ఆయన అటు వెళ్లగానే అమ్మ కొంగు బిగించి గుల్లసున్నం కలిపింది. ఇల్లు తెల్లగా మెరిసిపోవాలి. పటాల వెనకాల కూడా సున్నం పడాలని వాటిని దించి, మడత మంచం మీద వరసగా పెట్టింది. తడి గోడలకి ఎవరూ ఆనకుండా చూడటం నా డ్యూటీ. ఇద్దరం ఎంత హుషారుగా ఉన్నామంటే, గోడ ఖాళీగా ఉందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

తట్టింది టైలర్ పిన్నికి. వాళ్లాయన బట్టలు కుట్టేవాడు కాబట్టి ఆవిడకా పేరు. ఆవిడ చూపు సూదిమొనలాంటిది (కుట్టేది మాత్రం ఆయనే). నీళ్లకని బిందెతో పోతూ మా గుమ్మంలోకి తొంగి చూసి అక్కడే ఆగిపోయింది.

"దీదీ! పటాలు దించీసినావేటి? తూఫాన్ పక్కాయేనా?"

"తుఫానూ లేదు, ఏటీ లేదు. మా అన్నయ్య వస్తన్నాడని సున్నం ఏసుకుంటన్నాను," అంది అమ్మ.

పిన్ని గొంతు తగ్గించి కన్ను గీటింది. "సమఝ్ గయీ దీదీ, తెలిసిపోయింది. సర్కారీ మాట కదా, నువ్వు సెప్పకూడదు. నేనూ ఎవరికీ సెప్పను," అని బిందె అక్కడే వదిలేసి పరిగెత్తింది. ఎవరికీ చెప్పకపోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. కాసేపట్లో ఊరంతా రేకుల మీదే ఉంది. అమ్మ గుమ్మంలో నిలబడి "బాబూ, ఏటీ లేదు, నా మాట ఇనండి" అని అరిచినకొద్దీ వాళ్లకి నమ్మకం పెరిగింది. పాపం, మొగుడి ఉద్యోగం కాపాడుకోవడానికి ఎంత బాగా అబద్ధమాడుతోందో అని జాలిపడ్డారు. ఆడది ఒంటరిగా ఉంది కదా అని నలుగురు కుర్రాళ్లు వచ్చి, అడగకుండానే మా ఇంటికీ తాళ్లు బిగించి, నాలుగు వైపులా రాళ్లు వేలాడదీసి పోయారు. ఆ తర్వాత మూటలు మొదలయ్యాయి. బెంగాలీ కాకీ పెళ్లి ఫోటో, రాంచీ తాత డోలు, మలయాళీ నర్సు దీదీ ఏసుక్రీస్తు పటం, ఒడ్డునుండే చాచా మక్కా పటం. నేను "గోడకి ఆనుకోకండి! గోడకి ఆనుకోకండి!" అని తెలుగులోను హిందీలోను మొత్తుకుంటూనే ఉన్నాను. వచ్చినవాళ్లందరూ వీపున తెల్ల ముద్ర వేసుకునే వెళ్లారు. తమాషా ఏమిటంటే, ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క ఆకు కదలడం లేదు. "తూఫాన్ ముందు ఇలాగే ఉంటాది," అని పిన్ని అందరికీ వివరించింది.

అవతలి ఒడ్డున జరిగింది నాన్న తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆయన మామయ్యని ఓడ దింపి, పెట్టెలతో జెట్టీకి తీసుకొస్తే అక్కడ పడవల్లేవు. హోప్ టౌన్ వాళ్లంతా తమ డుంగీ పడవలు ఒడ్డుకి లాగేసుకున్నారు. ఏమైందో చూద్దామని ఇద్దరూ సిగ్నల్ గదికి ఎక్కారు. నాన్న దుర్భిణి పెట్టి చూస్తే ఎదురుగా, రాళ్లు వేలాడుతూ, తాళ్లతో కట్టిన పార్సిల్‌లా మా ఇల్లు కనిపించింది. ఓడలన్నిటికీ తుఫాను కబురు చెప్పే మనిషి, తనకి కబురు రాలేదని కంగారుపడి పై ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాడు.

"టెలిగ్రామేదీ రాలేదు కదయ్యా, తుఫానని నీకెవరు చెప్పారు?" అన్నాడట ఆఫీసరు.

"సార్, మా ఆవిడ పటాలు దించీసింది సార్," అన్నాడట నాన్న.

ఆఫీసరు మొహం ఎలా ఉందని అడిగితే నాన్న మాట మార్చేసేవాడు. మామయ్య మాత్రం దుర్భిణి తీసుకుని చాలాసేపు చూసి, "ఇలాంటి సోటునేటి బావా మా సెల్లిని ఉంచినావు?" అన్నాడట. చివరికి ఒక డుంగీ భయ్యాని బతిమాలి, నూనె పోసినట్టున్న నీళ్ల మీద ఇద్దరూ ఇటు వచ్చారు. పడవ అంచు రెండు చేతులా పట్టుకునే మామయ్య దారంతా వచ్చాడు.

వాళ్లు గుమ్మంలో నిలబడేసరికి అమ్మ మూటల మధ్య ఉంది. పట్టుచీర కట్టుకుని ఎదురెళ్లాలని అనుకున్న మనిషి, జుట్టు నిండా సున్నంతో, చేతిలో ఎవరిదో డోలుతో ఉంది. అన్నయ్యని చూడగానే భోరుమంది. నాన్న ఆ ఏడుపు తుఫాను గురించే అనుకున్నాడు.

"ఎవరు సెప్పేరే నీకు తుఫానని?"

"నాకెవరు సెప్తారు? సెప్తే మీరే సెప్పాల! నేను సున్నం ఏసుకుంటన్నాను!"

గుమ్మం బయట నిలబడ్డ జనమంతా టైలర్ పిన్ని వైపు తిరిగారు. "పటాలు దించితే తూఫానే కదా! ఇన్నేళ్లూ అంతే కదా!" అంది పిన్ని నిజంగా నొచ్చుకుని. ముందు చాచా నవ్వాడు. ఇంక ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వనిది అమ్మ, మామయ్య ఇద్దరే. ఇంక అయిపోయిందనుకున్నాను నేను. ఈ గందరగోళం చూశాక మమ్మల్ని ఇక్కడ వదులుతాడా! కుండల వెనక్కి వెళ్లి నా మూట ఉందో లేదో చూసుకున్నాను.

మామయ్య ఒక మూట పక్కకి జరిపి కూర్చున్నాడు. దగ్గరున్న ఏసుక్రీస్తు పటం ఎత్తి, "ఇదెవరిదే?" అన్నాడు. అమ్మ ముక్కు తుడుచుకుని, పురిటికి వచ్చి నన్ను చేతుల్లోకి తీసుకున్న నర్సు దీదీది అని చెప్పింది. ఆ డోలు ఎవరిదంటే, నాన్న జ్వరంతో పడుకున్నప్పుడు రోజూ కట్టెలు కొట్టి పడేసిన రాంచీ తాతది. ఆ పెళ్లికూతురు? అమ్మమ్మ పోయిందని తప్పుడు కబురు వచ్చినప్పుడు అమ్మ పక్కనే పడుకున్న బెంగాలీ కాకీ. మామయ్య ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నాడు, అమ్మ చెబుతూనే ఉంది. ఇద్దరూ తడి గోడకి ఆనుకునే కూర్చున్నారు. నేను వారించడం మానేశాను.

చివరికి మామయ్య పటాలన్నీ నెమ్మదిగా పక్కన పెట్టి, "నిన్ను తీసుకుపోదామనే వచ్చినాను సెల్లీ. అమ్మ మరీమరీ సెప్పింది. ఇప్పుడెలా తీసుకుపోను? ఇయ్యన్నీ ఎవరికప్పగించి వస్తావు?" అన్నాడు. అమ్మ అప్పుడు నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, రిబ్బన్ల కోసం.

మామయ్య ఉన్నన్నాళ్ల సందడిలో సగం మూటలు మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఓడ తిరిగి వెళ్లే రోజు మామయ్యని సాగనంపడానికి జెట్టీ దాకా వెళ్లాం. నా మొహంలో ఏం కనిపించిందో గానీ, ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నువ్వొస్తావేటే? అక్కడ సదువుకుందువు గాని," అన్నాడు. నేను రోజూ రాత్రి కలలో విన్న మాట. నా మూట ఇంట్లో సిద్ధంగా ఉంది. అయినా నన్ను అడక్కుండా నా నోరే జవాబు చెప్పేసింది.

"పటాలింకా ఇచ్చీయాల మామయ్యా. ఏది ఎవరిదో నాకే తెలుసు."

ఆ తర్వాత ఓడ మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా, ఎంత పని చేశావే అని నన్ను నేనే తిట్టుకుంటూ ఏడ్చాను. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న గరాచర్మలో మనవల మధ్య కూర్చుని ఆ పిల్లని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పటాలన్నీ ఇచ్చెయ్యడానికి నిండా రెండు రోజులు కూడా పట్టలేదు. నేను మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాను.