భాయిజాన్ వంతు

సిద్దిపేటలో బట్టలు కుట్టే మునీరా మధ్యాహ్నం మిషన్ ఆపి, పాత వీడియో గేమ్ పెట్టుకుంటుంది. ఆడేది ఒక్కతే అయినా చాపమీద ఓ పక్కకే ఒదిగి కూర్చుంటుంది. ఆటలో పుట్టగొడుగు మింగితే పొట్టి బొమ్మ పెద్దదవుతుంది, ఒక దెబ్బకు ఓర్చుకుంటుంది. చిన్నప్పుడు పుట్టగొడుగు కనబడగానే రిమోట్ అన్నకివ్వాలి. బొమ్మను పెద్దచేసే సరదా అతనిది. ఆ అన్న నిరుడు చనిపోయాడు.

ఇవాళ జాకెట్ కోసం వచ్చిన పక్కింటి స్వరాజ్యం గుమ్మంలో ఆగి చూసింది. తెరమీద పుట్టగొడుగు లేచింది. మునీరా చూపు తిప్పకుండానే రిమోట్‌ను పక్కనున్న ఖాళీ జాగావైపు చాచింది.

"పట్టుకోరాదే, పోతది" అంది స్వరాజ్యం.

"గది మా భాయిజాన్ వంతు."

పుట్టగొడుగు జారుతూ పోయి గుంతలో పడింది. మునీరా చెయ్యి ఇంకా చాచే ఉంది.