డ్యూటీలో ఉన్న అమ్మమ్మ

మా అత్తగారు ఉద్యోగంలో చేరింది మా ఇంట్లోనే. యజమాని మా ఆవిడ. పని, సొంత మనవరాలిని చూసుకోవడం.

అంతకుముందు ఆవిడ ఆ పనే ఊరికే చేసేది. రెండు స్టాపుల అవతలి నుంచి వచ్చి, పాపకి స్నానం చేయించి, నాకు రెండు చురకలు అంటించి, "రావే బుజ్జమ్మా" అని కూతురికి జడ వేసి మరీ వెళ్లేది. ఇది శ్రమ దోపిడీ అని మా ఆవిడకి హఠాత్తుగా తట్టింది. పెద్ద కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే విభాగంలో ఉన్నదాయె, తట్టకపోతే ఎలా? వెంటనే నియామక పత్రం తయారైంది. జీతం, పని వేళలు, వారానికో సెలవు. పాపకి టీవీ చూపరాదు, బిస్కెట్లు పెట్టరాదు, యజమాని సూచనలు పాటించవలెను. ఆ చివరి ముక్క కోసమే మిగతా కాగితమంతా పుట్టిందని నా అనుమానం. కన్నతల్లి ఎలాగూ మాట వినదు, జీతం తీసుకునే మనిషైనా వింటుందని మా ఆవిడ ఆశ.

ఒక్క సంగతి మాత్రం మరిచిపోయింది. మా అత్తగారు రిటైరయ్యేదాకా బస్సు కండక్టరు. కూతురు స్కూలు నుంచి వస్తూ తన బస్సే ఎక్కితే, అందరితోపాటు టికెట్టు కొట్టి చేతిలో పెట్టిన మనిషి. ఆ పిల్ల "అమ్మా" అంటే, "బస్సులో అమ్మ లేదు, ముందుకు జరుగు" అందట. అలాంటావిడకి డ్యూటీ అప్పగించడమంటే కొరివితో తల గోక్కోవడమే.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చీరలో, భుజాన పాత తోలు సంచీతో దిగింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్," అంది కూతురితో.

మా ఆవిడ పగలబడి నవ్వింది. "మేడమ్ ఏంటమ్మా, చోద్యం కాకపోతే!"

"డ్యూటీలో అలాగే పిలుస్తారండీ. పాప ఎక్కడ?"

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. మా ఆవిడ పక్క గదిలోనే కంప్యూటరు ముందు కూర్చుని పనిచేస్తుంది. తలుపు తీసినప్పుడల్లా మేడమే. ఇంట్లో టీవీ లేదు, బిస్కెట్లు లేవు, ఎదురు మాట అసలే లేదు. సాయంత్రం పాపని నా చేతుల్లో పెట్టి, గోళ్లూ డైపరూ చూపించి, "అప్పగించాను, చూసుకోండి" అని సంచీ తగిలించుకునేది.

"కాసేపు కూర్చోమ్మా. జడ వెయ్యవూ?" అని మా ఆవిడ అడిగితే, "టైమైపోయింది మేడమ్" అని చెప్పులేసుకునేది.

నేను కాస్త మెత్తగా కదిపి చూశాను. ఆవిడ సంచీలోంచి ఆ నియామక పత్రం తీసింది.

"అల్లుడుగారూ, నా కళ్లజోడు పాతది. ఇందులో అమ్మ అన్న మాట ఎక్కడైనా ఉందేమో మీరు చూడండి."

వెతికాను. లేదు. మా ఆవిడకి కోరినవన్నీ దొరికాయి, అమ్మ తప్ప. పాపం, చేజేతులా చేసుకున్నది కాబట్టి ఎవరికీ చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయింది. నాకు జాలేసింది, కొంచెం నవ్వూ వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం, రాత్రి డ్యూటీ నిద్ర తీరి నేను లేచేసరికి, మా ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇక కొత్తవాళ్లెవర్నీ తీసుకోబోమని కంపెనీవాళ్లు తేల్చుకున్నారట. మరి తీసుకునేవాళ్లు మాత్రం దేనికి? ఆ సంగతి కంప్యూటర్లోనే చెప్పి, కంప్యూటర్లోనే దండం పెట్టేశారు.

"అమ్మా, నా ఉద్యోగం పోయింది."

పాపకి అన్నం పెడుతున్న మా అత్తగారి చేయి ఆగింది. ఇప్పుడు కూడా మేడమ్ అంటుందేమోనని నాకు భయమేసింది. ఆవిడ పాప మూతి తుడిచి, తెచ్చి నా ఒళ్లో కూర్చోబెట్టింది.

"మిగతాది మీరు పెట్టండి. నేను సెలవు పెడుతున్నా."

"ఎన్ని రోజులు అత్తయ్యా?" అన్నాను, నా బుద్ధి అంతే కాబట్టి.

ఆవిడ నావైపు చూడను కూడా చూడలేదు. నేలమీద చతికిలబడి చేతులు చాచింది. "రావే బుజ్జమ్మా."

మా ఆవిడ ఆ ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. అత్తగారు సంచీలోంచి దువ్వెన తీసి చిక్కులు విడదీస్తూ, "అప్పుడు బస్సులో నీకు అమ్మని కాలేకపోయానే తల్లీ" అంది.

"ఇంక నీకు జీతం ఇవ్వలేనమ్మా."

"పీడా పోయింది!"

అని సంచీలో చెయ్యిపెట్టి, బిస్కెట్ల పొట్లం తీసి, ఒకటి పాపకి, ఒకటి కూతురికి ఇచ్చింది. పొట్లం అప్పటికే సగం ఖాళీగా ఉంది.