పక్క వాయిద్యం అప్పలనరసమ్మ

మేడ మీద వాటాలో పిల్ల ఫిడేలు శ్రుతి చేసుకుంటోంది. బిరడా తిప్పినప్పుడల్లా కిర్రుమంటోంది, తీగ మూలిగి పైకి లేస్తోంది. నా ముందు మా కాలేజీ వార్షికోత్సవ ఆహ్వానం నమూనా ఉంది. పాడే ఆయన పేరు లావు అక్షరాల్లో, దాని కింద చీమల బారులా ‘వాద్య సహకారం’. సహకారం ఏమిటి, సహకార సంఘంలాగ! మరి ఏ మాట వేయాలి? తోడు అందామా, సాయం అందామా? కొట్టేసిన మాటలతో కాగితం నిండింది. పైన బిరడా మళ్ళీ కిర్రుమంది. ఇక పెన్ను పక్కన పెట్టేశాను.

అరవైల చివర్లో, విజయనగరంలో నేను బి.ఏ. చదువుతున్నప్పుడు, మా పక్కింట్లో అప్పలనరసమ్మ ఉండేది. అత్తా అని పిలిచేదాన్ని. పంతులుగారని అందరూ పిలిచే పెద్దాయన పాడుతుంటే ఆవిడ పక్కన ఫిడేలు వాయించేది. ఆ కచేరీల మీదే ఆవిడ ఇల్లు గడిచేది. నా నోటికి జడిసి సొంత ఇంట్లోవాళ్ళే తప్పుకు తిరిగేవారు. ఆవిడ మాత్రం, “వాగడం అయ్యిందేటి? అయితే తంబురా పట్టుకో,” అని నన్ను తన వెనక కూర్చోబెట్టుకుంది. వినడం నాకు అలా పట్టుబడింది. మైకులో పంతులుగారి పేరొక్కటే చెప్పి నీ పేరు మింగేస్తారేమని ఒకసారి తగువేసుకున్నాను. “ఫిడేలు పలికితే సాలదేటే, పేరు కూడా పలకాలా?” అంది.

ఒక ఏడు రాజాంలో వర్తకులు వేయించిన శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం కచేరీ. పంతులుగారు చరణం ఎత్తుకోబోయి ఆగిపోయారు. తాళం వేసే చెయ్యి తొడ మీద పడకుండా గాల్లో ఉండిపోయింది. మాట గుర్తు రావడం లేదు. అలాంటప్పుడు ఫిడేలు ఆ ముక్కను సన్నగా పలికిస్తే పాడేవాళ్ళు అందుకుంటారు, జనానికి తెలియదు. అత్త చాలాసార్లు అలా చేయడం చూశాను. ఆ రోజు చేయలేదు. కమాను దించి బిరడా తిప్పింది. అప్పటిదాకా నా తంబురాతో ఒక్క గొంతులా ఉన్న తీగ, కిర్రుమని జారిపోయింది. పందిరంతా ఆవిడ వైపు తిరిగింది. ఎవరో నవ్వారు. పంతులుగారు మైకులోనే, “శ్రుతి చూసుకుని కూర్చోవాలి తల్లీ,” అన్నారు. ఆవిడ తల వంచుకుని, తీరుబడిగా, అత్తవారింటికి వెళ్ళేముందు జడ వేసుకుంటున్నట్టు తీగ బిగించుకుంది. ఆవిడ తలెత్తేసరికి పంతులుగారు చరణం ఎత్తుకున్నారు. చప్పట్లు మోగాయి.

తిరుగు బస్సులో ఇక ఊరుకోలేకపోయాను. బాగున్న తీగను ఎందుకు దించావన్నాను. “జారినాది, బిగించేను. నీ తంబురాయే దిగిపోనాదేమో సూసుకో,” అంది కిటికీలోంచి చూస్తూ. సరే, జారిందే అనుకుందాం, ఆ ముక్క ఫిడేలు మీద పలికించవచ్చు కదా, ఆయన అందుకునేవారు కదా అని పట్టుబట్టాను.

“అందుకోకపోతే?”

అంతే. కొంగు తల మీదుగా కప్పుకుని కళ్ళు మూసుకుంది.

మరుసటి ఏడు రాజాం వాళ్ళు ఆడమనిషి ఫిడేలు వద్దన్నారు, చేతిలో తీగ నిలవదన్నారు. ఆ మాట మిగతా పందిళ్ళకూ పాకింది. పంతులుగారు వేరే ఆయన్ని తీసుకువెళ్తున్నానని చెప్పడానికి స్వయంగా వచ్చారు. అత్త కాఫీ ఇచ్చింది, గొంతు ఎలా ఉన్నాదని అడిగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఆయన చాలాసేపు కూర్చున్నారు. చివరికి గుమ్మం దగ్గర ఆగి, “తల్లీ, ఆ వేళ తీగ...” అన్నారు.

“గడప సూసుకోండి బాబూ, తడిగా ఉన్నాది,” అంది అత్త.

ఆయన వెళ్ళగానే విరుచుకుపడ్డాను. అడగబోయిన మనిషిని అడగనివ్వవేమన్నాను. “ఆయన ఇంకా పాడాల కదే,” అంది. మరి నువ్వు వాయించక్కర్లేదా అన్నాను. ఆవిడ ఫిడేలును పాత చీర ముక్కతో తుడిచి, పెట్టెలో పెట్టి, బియ్యం ఏరుకోవడానికి కూర్చుంది. ఆ తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికింది. ఎన్నిసార్లు అడిగినా తీగ జారిందనే చెప్పింది. పోయేముందు కూడా.

అది భక్తా, పొగరా, అలవాటా? లేక నిజంగా నా తంబురాయే దిగిందా? ఇన్నేళ్ళు జనాన్ని వాదించి గెలిచిన దాన్ని, ఈ ఒక్క సంగతిలో నాతో నేనే వాదించుకుని ఓడిపోతున్నాను. ఆహ్వానంలో ‘వాద్య సహకారం’ కొట్టేసి, వాయించేవాళ్ళ పేర్లు పాడే ఆయన పేరంత లావుగా వేయమని రాశాను. మాట మాత్రం దొరకలేదు.

కచేరీ మధ్యలో బిరడా కిర్రుమంటే అందరూ ఫిడేలు వైపు చూస్తారు. నేను పాడేవాళ్ళ చెయ్యి చూస్తాను, తొడ మీద పడుతోందా, గాల్లో ఆగిందా అని. చాలాసార్లు పడుతూనే ఉంటుంది. తీగ నిజంగానే జారి ఉంటుంది.